అనుమానం వచ్చిన రోజుకూ డాక్టరు దగ్గరికి వెళ్లే రోజుకూ మధ్య

ఏటా జూన్ 26న, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం నాడు, హైదరాబాద్‌లోని చాలా కాలేజీల పిల్లలు అట్టల మీద నినాదాలు రాసుకుని ర్యాలీగా నడుస్తారు. ఆ ఫోటోలు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి రాగానే చప్పట్ల బొమ్మలు వరస కడతాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్మీడియట్ పిల్లలకు కెమిస్ట్రీ పాఠం చెప్పే నాకు ఆ ర్యాలీ అయిన కొద్ది రోజుల్లోనే విడిగా ఫోన్లు రావడం మొదలవుతుంది. గ్రూపులో చప్పట్లు పెట్టినవారే గొంతు తగ్గించి, "మేడం, మాకు తెలిసినవాళ్ల అబ్బాయి గురించి అడుగుతున్నాను" అంటారు. నాలుగు మాటలు నడిచేసరికి ఆ అబ్బాయి వాళ్ల అబ్బాయేనని ఇద్దరికీ అర్థమవుతుంది గాని, ఫోన్ పెట్టేసేదాకా ఇద్దరం ఆ మాట ఎత్తం.

ఇలాంటి ప్రతి సంభాషణలోనూ నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: మీకు అనుమానం ఎప్పుడు మొదలైంది? పోయిన దసరా సెలవుల నుంచి అని ఒకరంటారు, సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అత్తగారు చెబితే నమ్మలేదని ఇంకొకరంటారు. అంటే అనుమానం పుట్టిన రోజుకూ, ఎవరినైనా సలహా అడిగిన రోజుకూ మధ్య నెలలకు నెలలు గడిచిపోతున్నాయి. ఆ నెలల్లోనే సరదాగా మొదలైనది అలవాటై, అలవాటు అవసరమై కూర్చుంటుంది. ఈ ఆలస్యానికి కారణం తల్లిదండ్రులకు తెలివి లేకపోవడమో ప్రేమ లేకపోవడమో అని నేను అనుకోను. నలుగురికీ తెలిస్తే ఏమంటారో, రేపు పెద్దపిల్లకు సంబంధాలు వస్తాయో రావో, పోలీసుల దాకా పోతే వాడి చదువు ఏమవుతుందో అన్న భయమే వాళ్ల నోరు కట్టేస్తోంది. అందుకే ఈ వ్యాసంలో లక్షణాలూ జాగ్రత్తలూ చెప్పినా, నా ఉద్దేశం మాత్రం ఆ నెలలను వీలైనంత తగ్గించడమే.

గంజాయి అనగానే ధూల్‌పేట, ఖరీదైన మత్తు అనగానే జూబ్లీహిల్స్ పబ్బు అనుకోవడం మన నగరంలో చాలామందికి అలవాటు. ఇది ఆ ప్రాంతాల్లో గౌరవంగా బతికే కుటుంబాలకు అన్యాయం కావడమే కాక, మిగతా తల్లిదండ్రులకు లేనిపోని ధీమానిస్తుంది. 2017 జూలైలో ఎల్ఎస్‌డీ, ఎండీఎంఏ అనే రసాయన మత్తుపదార్థాల కేసు బయటపడినప్పుడు టీవీలన్నీ సినిమావాళ్ల పేర్ల చుట్టూ తిరిగాయి గాని, పేరున్న పాఠశాలల పిల్లల దాకా ఆ సరుకు చేరిందన్న వార్త రెండు రోజుల్లో మరుగున పడింది. ఇప్పుడు సరుకు కోసం పిల్లవాడు ఎక్కడికీ వెళ్లనక్కరలేదు. ఫోన్లో ఒక మెసేజ్, యూపీఐలో చిన్న మొత్తం, కాలనీ మలుపులో రెండు నిమిషాలు ఆగిన బైకు చాలు. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల నుంచి వచ్చే గంజాయే ఇప్పటికీ మన పిల్లలకు అన్నిటికంటే సులువుగా దొరికేది. దానిలోంచి తీసిన హాష్ ఆయిల్ మరింత గాఢమైనది, చిన్న సీసాలో పట్టేస్తుంది. గంజాయి కలిపిన చాక్లెట్లను నగరంలోనూ శివార్లలోనూ పోలీసులు పలుమార్లు పట్టుకున్నారు. వీటిలో ప్రమాదం ఏమిటంటే, పొగ పీల్చినప్పుడు నిమిషాల్లో తెలిసే మత్తు, తిన్నప్పుడు తెలియడానికి అరగంట నుంచి రెండు గంటల దాకా పట్టవచ్చు. ఏమీ కాలేదనుకుని పిల్లవాడు రెండోదీ మూడోదీ తినేస్తాడు, తర్వాత అన్నీ ఒక్కసారిగా ఎక్కి గుండెదడతో, విపరీతమైన భయంతో వణికిపోతాడు.

అయితే తల్లిదండ్రుల దృష్టి ఎప్పుడూ గంజాయి మీద, పేపర్లో వచ్చే పేర్ల మీద నిలవడం వల్ల దగ్గరలో ఉన్నవి కనబడకుండా పోతున్నాయి. నాన్నమ్మ నిద్రమాత్రల పట్టీ, నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు, ఇవన్నీ ఇంటి అలమరాలోనే ఉంటాయి. ఆందోళన తగ్గించి నిద్ర పుట్టించే ఆల్ప్రజోలాం, నొప్పి తగ్గించే ట్రమడాల్ వంటివి హెచ్1 జాబితాలోని మందులు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరికి అమ్మారో దుకాణదారు ప్రత్యేక రిజిస్టరులో రాసుకోవాలి. అయినా అలా చూసీచూడకుండా ఇచ్చే మందుల షాపు ఎక్కడుందో పెద్దలకంటే ముందు పిల్లలకే తెలుస్తుంది. జిమ్‌కు వెళ్లే అబ్బాయిల విషయంలో ఇంకొకటి గమనించాలి. ఆపరేషన్ సమయంలో రక్తపోటు పడిపోతే వాడే మెఫెంటెర్మైన్ ఇంజెక్షన్‌ను కసరత్తుకు ఊపు వస్తుందని చెప్పి నగరంలో అమ్ముతూ పట్టుబడ్డవారు ఉన్నారు. అది గుండె మీద పనిచేసే మందు. ఈ-సిగరెట్లను దేశమంతటా 2019లోనే నిషేధించినా, పెన్‌డ్రైవ్ లాగానో హైలైటర్ పెన్ను లాగానో ఉండే పరికరాలు పెన్సిల్ బాక్సుల్లో తిరుగుతూనే ఉన్నాయి. వాటి వాసన పొగాకు వాసన కాదు, పుదీనా, మామిడి, స్ట్రాబెర్రీ వాసన, కాబట్టి అమ్మకు బబుల్‌గమ్ అనిపిస్తుంది. ఇక వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్, థిన్నర్ వంటివి పీల్చే అలవాటు ఉంది. 2019లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన ఎయిమ్స్ సర్వేలో పెద్దలకంటే పిల్లల్లో వాడకం రేటు ఎక్కువగా కనబడిన మత్తు ఇదొక్కటే.

మద్యం గురించి విడిగా, కాస్త గట్టిగానే చెప్పాలి. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. కానీ మన ఇళ్లలో దావత్ జరిగితే, బోనాలకో పెళ్లికో అందరూ కలిస్తే, పదహారేళ్ల పిల్లవాడి చేతికి మేనమామే బీరు గ్లాసు ఇచ్చి "మగపిల్లగాడు, ఏం గాదు, ఒక్క గుక్క తాగు" అనడం మామూలైపోయింది, పక్కనున్నవాళ్లు నవ్వుతారు. బాల న్యాయ చట్టం, 2015లోని 77వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు మద్యం, మాదకద్రవ్యం, పొగాకు ఉత్పత్తి ఇచ్చినవారికి 7 ఏళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. డాక్టరు సలహా మీద ఇచ్చినప్పుడు తప్ప ఇందులో మినహాయింపు లేదు, మేనమామకూ లేదు. చట్టం సంగతి అటుంచినా, మొదటి గుక్క ఎంత చిన్న వయసులో పడితే తర్వాత వ్యసనం పట్టుకునే అవకాశం అంత ఎక్కువని వైద్యులు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. కల్లు మంచిదే కదా అనేవారు కల్తీ కల్లులో ఆల్ప్రజోలాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారన్న సంగతిని గుర్తుంచుకోవాలి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

పెద్దవాడు తాగితే ఏమవుతుందో పిల్లవాడు తాగినా అదే అవుతుందనుకోవడం పొరపాటు. ముందువెనకలు ఆలోచించి మనసును అదుపు చేసే మెదడు ముందుభాగం ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా ఎదుగుతూనే ఉంటుంది. ఆనందాన్ని వెంటాడే భాగం మాత్రం పదమూడు పద్నాలుగేళ్లకే చురుగ్గా ఉంటుంది. ఈ వయసులో తరచుగా గంజాయి వాడినవారికి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత తగ్గడమే కాక, ముఖ్యంగా కుటుంబంలో ఎవరికైనా తీవ్రమైన మానసిక జబ్బు ఉంటే, లేనివి వినబడడం, అందరూ తనను గమనిస్తున్నారన్న అనుమానం వంటి మతిభ్రమణ లక్షణాలు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. గంజాయి ఆకే కదా, సాధువులు తాగరా అని పిల్లలు వాదిస్తారు. ఆ వాదనకు ఈ సంగతి తప్ప నా దగ్గర వేరే జవాబు లేదు, ఇది చాలా పెద్ద జవాబే.

గుర్తుపట్టడం దగ్గరికి వద్దాం. తల్లిదండ్రులు సాధారణంగా వస్తువు కోసం వెతుకుతారు: పొట్లం దొరుకుతుందా, వాసన వస్తుందా, జేబులో ఏముంది? వస్తువు దొరికేసరికి చాలా కాలం గడిచి ఉంటుంది. ముందుగా కనబడేది మార్పు. అదీ పక్కింటి పిల్లవాడితో పోల్చి చూసే మార్పు కాదు, ఆరు నెలల కిందటి మీ పిల్లవాడితో పోల్చి చూసే మార్పు. నిద్ర, డబ్బు, స్నేహితులు, ఈ మూడింటిలో రెండు ఒకేసారి మారితే ఆగి చూడాలని నేను చెబుతుంటాను. రాత్రి రెండింటిదాకా మేలుకుని మధ్యాహ్నం దాకా లేవకపోవడం, చిన్నప్పటి నుంచి ఇంటికి వచ్చిపోయే స్నేహితుడు హఠాత్తుగా రావడం మానేసి, అతని స్థానంలో ఇంటి గేటు దాటి లోపలికి రాని కొత్తవాళ్లు చేరడం, ఫోన్‌పేలో రాత్రి వేళల్లో పరిచయం లేని పేర్లకు రెండు వందలు, అయిదు వందలు మళ్లీమళ్లీ వెళ్లడం, అమ్మ పర్సులో నోట్లు తగ్గడం, అమ్మమ్మ చెవి కమ్మలు కనబడకపోవడం, ఇలా ఉంటుంది ఆ క్రమం.

సరూర్‌నగర్ వైపు నుంచి వచ్చే ఒక తల్లి కాలేజీ మెట్ల దగ్గర నిలబడి తన హ్యాండ్‌బ్యాగులోంచి కంటి చుక్కల మందు సీసా తీసి చూపించడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. చిటికెన వేలంత ప్లాస్టిక్ సీసా, అడుగున రెండు చుక్కలు మిగిలాయి. ఆ నెలలో అది రెండోదట. ఏ కంటి డాక్టరూ రాయలేదు, అబ్బాయి సొంతంగా కొనుక్కున్నాడు. కళ్లు మండుతున్నాయి, ఆన్‌లైన్ క్లాసులు చూసి చూసి అలసిపోయాయి అన్నాడు. "దాంతోపాటు గదిలో అగరుబత్తీలు వెలిగిస్తున్నాడు మేడం, పరీక్షలొస్తున్నాయి కదా, దేవుడి మీద మనసు పోయిందనుకున్నం" అని ఆవిడ చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. గంజాయికి కళ్లు ఎర్రబడతాయి, అది కప్పడానికి చుక్కల మందు, గదిలో వాసన కప్పడానికి అగరుబత్తి. ఆ తల్లి అనుమానం నిజమేనని తర్వాత తేలింది. ఆవిడ చేసిన మంచి పని ఏమిటంటే, సీసా చూసిన వారంలోనే వచ్చి అడగడం.

కళ్లు నిజంగానే చాలా చెబుతాయి. గంజాయికి ఎరుపు, నోరు ఎండిపోవడం, అర్ధరాత్రి విపరీతమైన ఆకలి. ఎండీఎంఏ వంటి ఉత్తేజకాలకు నల్లగుడ్డు మధ్యలోని పాప బాగా పెద్దదై, ఆకలీ నిద్రా లేక, దవడలు కొరుకుతూ, అదే పనిగా మాట్లాడడం. ట్రమడాల్, టాపెంటడాల్ వంటి నొప్పి మాత్రలకు కంటిపాప సూదిమొనలా చిన్నదవడం, ఒళ్లు దురద, మలబద్ధకం, కూర్చున్నచోటే జోగడం. నిద్రమాత్రలకు మాట ముద్దగా రావడం, నడక తూలడం, నోట్లో మాత్రం మద్యం వాసన లేకపోవడం. పీల్చే పదార్థాలకు మూతి చుట్టూ పుండ్లు, చొక్కా చేతుల మీద తెల్లటి మరకలు. బ్యాగులో సిగరెట్లు లేకుండా సన్నటి చుట్టే కాగితాలు మాత్రమే ఉంటే, పిల్లలు వాటిని ఓసీబీ అంటారు, స్నేహితుడివన్న జవాబుతో సరిపెట్టుకోకండి.

ఇవన్నీ చదివి ఇంటికి వెళ్లి పిల్లవాడి మీద నిఘా పెడతారేమోనన్న భయం నాకు ఉంది. నిద్ర చెడడం, మార్కులు పడిపోవడం, ఒంటరిగా గది తలుపు వేసుకోవడం, ఇవే లక్షణాలు డిప్రెషన్‌లో ఉంటాయి, ర్యాగింగ్‌కు గురైనప్పుడు ఉంటాయి, ప్రేమ విఫలమైనప్పుడు ఉంటాయి. నేను చూసిన పిల్లల్లో కొందరికి మత్తు అసలు లేదు, లోలోపల కుంగిపోతున్నారు. ఇంకొందరు ఆ కుంగుబాటును తట్టుకోలేకనే మత్తు వైపు వెళ్లారు. రెండింటిలో ఏదైనా చూపించవలసింది డాక్టరుకే కాబట్టి, ముందు నిరూపించి తర్వాత తీసుకెళ్దామని ఆగవలసిన పని లేదు. ఆన్‌లైన్‌లో మూత్ర పరీక్ష కిట్టు తెప్పించి పిల్లవాడికి తెలియకుండా చేయాలని అడిగేవారికి నేను వద్దనే చెబుతాను. క్రమం తప్పకుండా గంజాయి వాడినవారికి మానేసిన కొన్ని వారాల తర్వాత కూడా ఆ గుర్తు రావచ్చు, ఎల్ఎస్‌డీ వంటివి మామూలు కిట్టులో అసలు రావు. దొంగచాటుగా చేశారని తెలిసిన రోజున మీకూ వాడికీ మధ్య మిగిలిన నమ్మకం కూడా పోతుంది.

మొదటిసారి మాట్లాడే సమయం చాలా ముఖ్యమైనది. మత్తులో ఉన్నప్పుడు మాట్లాడి లాభం లేదు, మరుసటి రోజు పొద్దున తిండి తిన్నాక, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడాలి. మన ఇళ్లలో సాధారణంగా జరిగేది వేరు. తండ్రి బెల్టు తీస్తాడు, ఫోన్ పగలగొడతాడు, తల్లి "నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి" అని ఏడుస్తుంది, పిల్లవాడు ఒట్టు వేస్తాడు, ఇల్లు ఊపిరి పీల్చుకుంటుంది. ఆ ఒట్టు వేసేటప్పుడు పిల్లవాడు అబద్ధం చెప్పాలని అనుకోడు, నిజంగానే మానేస్తాననుకుంటాడు. పది రోజులకు అది తప్పితే అమ్మ తల మీద వేసిన ఒట్టు తప్పానన్న పాపభయం ఇంకొకటి చేరి, ఇక జన్మలో నిజం చెప్పడు. ఒట్లు అడగకండి. నాకు తెలిసిన ఒక తల్లి తన కొడుకుతో అన్న మాటలు ఇవి: "బిడ్డా, నిన్న రాత్రి నిన్ను చూస్తే నాకు భయమైంది. కొట్టను, తిట్టను. మీ నాయనకు చెప్పాల్సి వస్తే ముందు నీకు చెప్పే చెప్తా. ఏం తీసుకున్నవో చెప్పు, మనం కలిసి డాక్టరు దగ్గరికి పోదాం." ఇందులో నేరారోపణ లేదు, అలాగని చూసీచూడనట్టు వదిలేయడమూ లేదు. ఆ రోజు వాడేమీ చెప్పలేదు. మూడో రోజు రాత్రి వంటింట్లోకి వచ్చి, ఆవిడ గిన్నెలు సర్దుతుంటే వెనక నిలబడి చెప్పాడు.

పిల్లవాడిని ఊళ్లో తాతయ్య దగ్గరికి పంపడం, కాలేజీ మార్చడం, తాయెత్తు కట్టించడం, ఇవి చేసేవారిని నేను తప్పుపట్టను గాని, డాక్టరును చూసే పనిని ఇవేవీ భర్తీ చేయవు. గోడల మీద రాసే "తెలియకుండా తాగుడు మాన్పించే మందు" జోలికి మాత్రం వెళ్లకండి. అలా కూరలో కలిపి పెట్టేవాటిలో డైసల్ఫిరాం ఉంటే, అది పడ్డ మనిషి మద్యం తాగినప్పుడు రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మానిపించాలని గదిలో పెట్టి తాళం వేయడం ఇంకా ప్రమాదం. రోజూ నిద్రమాత్రలకో ఎక్కువ మద్యానికో అలవాటు పడిన శరీరానికి అది ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, వైద్యులు మోతాదు తగ్గిస్తూ ఆపుతారు.

స్పృహ తప్పితే మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీళ్లు తాగించడం మన వైపు అలవాటు. స్పృహలో లేని మనిషి గొంతులో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి వెళ్లవచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి గమనిస్తూ 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో ఏం తీసుకున్నాడో దాచకుండా చెప్పండి, ఖాళీ పట్టీ కనబడితే వెంట తీసుకెళ్లండి. జిగురో థిన్నరో పీలుస్తున్న పిల్లవాడిని చూస్తే అరిచి వెంటపడవద్దు. ఆ క్షణంలో ఒక్కసారిగా బెదిరితే గుండె లయ తప్పి ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? మానసిక వైద్యుల దగ్గరికి. ఇక్కడే మళ్లీ పరువు అడ్డం వస్తుంది. ఎర్రగడ్డ అనే మాటను మనం తరతరాలుగా వెక్కిరింతగా వాడి వాడి, అక్కడి మానసిక ఆరోగ్య సంస్థలో మత్తు విముక్తి చికిత్స దొరుకుతుందన్న సంగతినే మరుగుపరిచాం. గాంధీ, ఉస్మానియా ఆస్పత్రుల్లోనూ మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే మత్తు విముక్తి కోసం కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు. చాలామంది పిల్లలకు ఆస్పత్రిలో చేరవలసిన అవసరమే ఉండదు. వారం వారం కౌన్సెలింగ్, అవసరమైతే మందులు, వెంట తల్లిదండ్రులతో కూడా మాటలు, ఇంతే.

చేర్చవలసి వస్తే ఒక్క చట్టం గుర్తుంచుకోండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మత్తు వ్యసనం వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా తన పరిధిలోకి తెచ్చింది. దాని 87వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారిని పెద్దల నుంచి వేరుగా ఉంచాలి, అక్కడ ఉన్నన్నాళ్లూ తల్లో తండ్రో, వారి తరఫున సహాయకులో వెంట ఉండాలి. అమ్మాయి అయితే వెంట ఉండేవారు ఆడమనిషి అయి ఉండాలి. సంకెళ్లు వేయడం ఆ చట్టం కింద పూర్తిగా నిషేధం. కాబట్టి "పిల్లవాడిని మాకు వదిలేసి మూడు నెలలు ఇటు రాకండి, ఫోన్ కూడా చేయకండి" అని చెప్పే రీహాబ్ ఏదైనా సరే, ఎంత ఖరీదైనదైనా, ఎవరు సిఫారసు చేసినా, వెంటనే లేచి వచ్చేయండి. రిజిస్ట్రేషన్ పత్రం చూపించమని అడగడానికి మొహమాటపడకండి. శంషాబాద్ దాటాక ఎక్కడో ఒక ఫామ్‌హౌస్‌ను రీహాబ్ అని చెప్పి దెబ్బలు కొట్టి "బాగుచేసే" చోటికి కొడుకును పంపిన ఒక తండ్రి నా ముందు కూర్చుని ఏడ్చాడు. ఆ పిల్లవాడికి ఇప్పుడు మత్తు మీద ఉన్నంత కోపమే తండ్రి మీద కూడా ఉంది.

పోలీసుల భయానికి కూడా చట్టంలోనే సమాధానం ఉంది. మాదకద్రవ్యాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, మత్తుకు బానిసైన వ్యక్తి తన వాడకానికి సంబంధించో, చిన్న పరిమాణానికి సంబంధించో నేరారోపణ ఎదుర్కొంటున్నా, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థలో స్వచ్ఛందంగా చికిత్స తీసుకుంటే ఆ నేరానికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. డాక్టరుకు చెప్పిన విషయం గోప్యంగా ఉంచాలని 2017 చట్టం చెబుతోంది. చిన్న పరిమాణం అంటే గంజాయికి కిలో దాకా, ఎండీఎంఏకు అర గ్రాము మాత్రమే. స్నేహితులందరికీ కలిపి తెప్పించే పిల్లవాడు తెలియకుండానే ఆ గీత దాటతాడు, అప్పుడు చట్టం దృష్టిలో అతడు సరఫరాదారు కూడా అవుతాడు. ఈ మాట పిల్లలకు భయపెట్టకుండా చెప్పవచ్చు, క్లాసులో నేను చెప్పినప్పుడు వెనక బెంచీలు నిశ్శబ్దమవుతాయి. అమ్మేవారి గురించి చెప్పాలంటే తెలంగాణలో మాదకద్రవ్యాల కట్టడికి పనిచేసే ఈగల్ పోలీసు బృందం టోల్‌ఫ్రీ నంబరు 1908 ఉంది.

రాకుండా చూసుకోవడం గురించి అడిగితే నేను ఐస్‌లాండ్ సంగతి చెబుతాను. 1998లో అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో గడిచిన నెలలో మత్తెక్కేలా తాగామన్నవారు 42 శాతం ఉంటే, 2016 నాటికి అది 5 శాతానికి తగ్గింది. వాళ్లు చేసింది ముఖ్యంగా ఆటలకూ సంగీతానికీ డబ్బు పెట్టడం, పిల్లలు రాత్రి పొద్దుపోయాక బయట తిరగకుండా కట్టుబాటు చేసుకోవడం, ఒక తరగతి పిల్లల తల్లిదండ్రులందరూ ఒకరికొకరు తెలిసి ఉండడం. మన ఇంటర్ పిల్లల దినచర్య చూడండి. పొద్దున ఆరింటికి స్టడీ అవర్‌తో మొదలై రాత్రి తొమ్మిదింటికి ముగుస్తుంది, ఆటస్థలం లేదు, ఆదివారం కూడా పరీక్ష ఉంటుంది. ఆ పిల్లవాడికి సంతోషం ఎక్కడ దొరుకుతుంది? అది దొరికే ఒకే ఒక్క చోటు కాలేజీ వెనక సందులోని నలుగురి గుంపు అయితే, వాడు అక్కడికే వెళతాడు. రోజుకు ఒక గంట ఆటకు, రాత్రి ఒక్క భోజనం ఫోన్లు లేకుండా అందరూ కలిసి తినడానికి దొరికితే ర్యాంకు పోతుందని నేను నమ్మను. మీ పిల్లవాడి అయిదుగురు స్నేహితుల తల్లుల ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉన్నాయా అని తల్లిదండ్రుల సమావేశంలో అడుగుతాను. చేతులు ఎత్తేవాళ్లు తక్కువ. ఆ నంబర్లు ఉన్న చోట "ఫలానావాళ్ల ఇంట్లో పడుకుంటున్నా" అనే మాట ఒక్క ఫోన్‌తో తేలిపోతుంది.

వీటికంటే ముఖ్యంగా పిల్లలకు ఒక హామీ ఇవ్వాలి. ఎక్కడైనా, ఏ వేళైనా, వాడే తీసుకున్నా, స్నేహితుడు తీసుకుని పడిపోయినా, భయమేస్తే నాకు ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకెళ్తాను, ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా అడగను, మాటలన్నీ మరునాడే అని చెప్పి ఉంచండి, చెప్పినట్టు నిలబడండి. ఇంటికి తెలిస్తే చంపేస్తారని స్పృహ తప్పిన స్నేహితుణ్ని వదిలేసి పారిపోయే పిల్లలు కూడా ఉంటారు, వాళ్లు చెడ్డపిల్లలు కారు.

చికిత్స మొదలైన తర్వాత మళ్లీ ఒకసారి తప్పటడుగు పడవచ్చు. పడితే డాక్టరుకు చెప్పి కొనసాగించాలి, అంతా అయిపోయిందని ఇల్లంతా విలపించవద్దు. పాత నంబర్లున్న సిమ్ మార్చడం, కాలేజీకి వెళ్లే దారి మార్చడం వంటివి పిల్లవాడితోనే మాట్లాడి, వాడి ఒప్పుదలతో చేస్తే నిలుస్తాయి. కాలేజీలో లెక్చరర్లలో ఒక్కరికైనా చెప్పి ఉంచితే మంచిది, మిగతావారికి చెప్పనక్కరలేదు.

ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వాళ్లను అందరూ మరచిపోతారు. ఎనిమిదో తరగతి చెల్లెలు అన్నీ చూస్తూనే ఉంటుంది. అన్న మీద అరుపులు, అమ్మ ఏడుపు, తలుపులు వేసుకుని గుసగుసలు. ఎవరూ ఏమీ చెప్పకపోతే తనకు తోచింది ఊహించుకుంటుంది. అన్నకు ఆరోగ్యం బాగాలేదని, డాక్టరు చూస్తున్నారని, ఇది వాడి తప్పో తన తప్పో కాదని, ఎవరైనా తనకు ఇలాంటిది ఇవ్వజూపితే వెంటనే అమ్మకు చెప్పాలని ఆ పిల్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. అన్న ఏం చేస్తున్నాడో చూసి చెప్పమని మాత్రం ఆ పిల్లను కాపలా పెట్టకండి.